ఎదురెక్కిన గంగ

ఖరగ్‌పురమున రైల్వే కొలువులో నున్న మా పినతండ్రి కుమారుడు, భాద్రపద అమావాస్య వెళ్లిన మరునాటి ఉదయమున, చొక్కా జేబులోనుండి ఒక చీటీ తీసి నా చేతికిచ్చెను. కలకత్తా రేవునకు సంబంధించిన పోటుపాటుల పట్టికనుండి అతడు స్వయముగా ఎత్తి వ్రాసికొన్న చీటీ అది. ఆ దినమున సముద్రపు పోటు గంగ ముఖద్వారమున నెప్పుడు ప్రవేశించునో, ఏ ఘట్టమునకు ఎన్ని గంటలకు చేరునో, నిమిషములతో సహా అందులో లెక్క కట్టి యుండెను. "అన్నయ్యా, ఒంటిగంట కొట్టకముందే మనం దక్షిణేశ్వరం మెట్ల మీద ఉండాలి. పది నిమిషాలు ఆలస్యమైతే మళ్లీ అర్ధరాత్రి దాటిందాకా రాదు" అని అతడు తొందరపెట్టుచుండగా, నాకు ఉత్సాహమునకు బదులు ఏదో యొక నిరుత్సాహము కలిగెను. సగరపుత్రుల భస్మమును తడుపుటకై హిమాలయమునుండి దిగివచ్చిన గంగ, తాను సముద్రమును చేరవలసిన చోట సముద్రమే తనకెదురుగా లేచి రాగా వెనుకకు మరలునట్టి విడ్డూరమును కన్నులార చూడవలెనని అంతదూరమునుండి వచ్చితినే. ఆ విడ్డూరము రైలుబండివలె వేళాపట్టిక ననుసరించి వచ్చునదైనచో దానికి చేతులు జోడించుట యెట్లు? లెక్కకు అందినది మ్రొక్కునకు అందునా? ఆనాడు మనస్సులో గ్రుచ్చుకొన్న ఈ ముల్లును తీసికొనుటకే ఇది వ్రాయుచున్నాను.

నేను దివిసీమవాడను. హంసలదీవి దగ్గర కృష్ణ కడలిలో కలియు మొగను చిన్ననాటినుండి ఎరిగినవాడను. అచ్చటను పోటు వచ్చును, పాటు తీయును. పోటువేళ ఏటినీరు ఉప్పనగును, ఒడ్డు బురదలో కూరుకొనియున్న పడవ ఎవరును త్రోయకయే తేలును. అంతే కాని, పంచాంగము చెప్పిన దినమున నీరు గోడకట్టి నదిలో ఎదురు నడచుట మా సీమలో నెన్నడును చూచి యెరుగము. వంగదేశీయులు పోటును జోయార్ అనియు పాటును భాటా అనియు అందురు. గోడకట్టి వచ్చు ఈ నీటికి మాత్రము బాన్ అని వేరు పేరు పెట్టిరి. భాద్రపదాశ్వయుజములలో వచ్చు మహా ఉద్ధృతమైన దానిని షాఁడాషాఁడి బాన్ అందురు, అనగా ఆబోతుల కుమ్ములాట. దిగువకు పారు గంగయు ఎగువకు వచ్చు కడలియు కొమ్ములు కలిపి నిలుచునప్పటి ఆ రొప్పును విన్నవాడెవడో పెట్టిన పేరని, విన్న తరువాత నాకును తోచినది.

రాణీ రాసమణి 1855లో ప్రతిష్ఠింపజేసిన కాళికాలయమునకు పడమట, గంగ యొడ్డున, పండ్రెండు శివాలయములు వరుస తీరియున్నవి. ఆరింటికిని ఆరింటికిని నడుమ స్నానఘట్టము. మేము చేరునప్పటికి పన్నెండున్నర. పాటు బాగుగా తీసి యుండుటచే, నాచు పట్టిన క్రింది మెట్లును, వాని దిగువ నల్లని బురదయు బయటపడి యుండెను. తడి ఆరని మెట్లను లెక్కించితిని, తొమ్మిది. వాని చివర నొక వృద్ధురాలు, తెల్లచీర కొంగు తలపై కప్పుకొని, మోదుగాకు దొప్పలో నాలుగైదు ఎఱ్ఱమందారములును మారేడు దళములును ఉంచి నీటిపై విడిచెను. ఆ దొప్ప మెల్లగా తిరుగుచు దక్షిణమునకు, సముద్రము వైపునకు పోయెను. అప్పటికింకను గంగ తన త్రోవనే తాను పోవుచుండెను.

ముందుగా కదలినవారు పడవవారు. దిగువ ఘట్టములనుండి "బాన్ ఆశ్చే! బాన్ ఆశ్చే!" అను కేక నోటినుండి నోటికి అందుకొని వచ్చినంతనే, స్నానము చేయువారు బిడ్డలను చంకనెత్తుకొని మెట్లపైకి పరుగెత్తుచుండగా, పడవవారు మాత్రము కట్లు విప్పి, గడలతో బురదను నెట్టి, ఒడ్డును విడిచి నడియేటికి సాగిరి. నేను ఆశ్చర్యపడితిని. ఆపద వచ్చుచున్నప్పుడు గట్టు చేరుట లోకరీతి గదా. వీరేల నడిగంగకు పోవుచున్నారు? మా తమ్ముడు నా సందేహమును వంగభాషలో ఒక ముసలి పడవవానికి చేరవేసెను. అతడు గడ వేయుచునే, తల త్రిప్పకయే చెప్పిన మాటను తమ్ముడు తెనిగించెను: "ఒడ్డున నీళ్లు కొడతాయి బాబూ, లోతున ఎత్తుతాయి." పద్దెనిమిదవ శతాబ్దమున వంగదేశమును కొలిచి పటములు గీచిన జేమ్స్ రెన్నెల్ అను ఆంగ్లేయుడును, బాన్ వచ్చుననగానే పడవలన్నియు తీరమును విడిచి నదీమధ్యమునకు పోవుట చూచి వ్రాసి యుంచెను. రాజ్యములు మారినవి, పడవవాని శాస్త్రము మారలేదు.

తరువాత చప్పుడు వినవచ్చెను. దూరమున నెక్కడనో కళ్లములో వడ్లు తూర్పారబట్టుచున్నట్లు సన్నగా మొదలై, క్రమక్రమముగా లావై, గుండెలో తెలియు నంతటిదయ్యెను. వంతెన స్తంభముల మొదట ఒక తెల్లని గీత కనబడెను. ఆ గీత రెండు గట్ల వెంబడి నురుగై, బురదను పెల్లగించుకొనుచు, మెట్లకు తాకి విరుగుచు వచ్చుచుండెను గాని, నడుమ, లోతైన చోట, నురుగేమియు లేదు. పట్టుచీర క్రింద ఎవరో చేయి జరిపినట్లు నీరు నున్నగా ఉబికి ముందునకు సాగినది, అంతే. పడవలు ఒక్కొక్కటిగా ముక్కెత్తి, వంగి, మరల నిలిచినవి. మా కాళ్లక్రింద ఘట్టము కంపించెను. నే లెక్కించిన తొమ్మిది మెట్లలో నాలుగు ఒక్క దెబ్బతో పోయెను; తక్కిన అయిదును ఒక గాయత్రీమాల పూర్తియగునంతలో ఒకదానివెంట నొకటి మునిగెను. అప్పుడు చూచితిని గంగను. అంతటి నది, ఒక్క నీటిబొట్టును ఆగక, ఉత్తరాభిముఖియై, వచ్చిన త్రోవనే, హిమవంతుని వైపు నడచుచుండెను. నా చేతులు నన్నడుగకయే జోడింపబడినవి. ప్రశ్న మాత్రము తీరలేదు.

కారణమును దాచవలసిన పని లేదు. కలకత్తా సముద్రమునకు ఇంచుమించు 80 మైళ్ల దూరమున నున్నది. గంగ ముఖద్వారము అనేక మైళ్ల వెడల్పున తెరచుకొనిన గరాటు వంటిది. లోనికి వచ్చుకొలది గట్లు దగ్గరపడును, అడుగు మెరకయగును. అమావాస్యా పూర్ణిమలకు సూర్యచంద్రులు ఒక్క వరుసన నిలిచి కడలిని లాగినప్పుడు లేచు మహాపోటు ఈ గరాటులో దూరి, ప్రక్కలకు పోవ వీలులేక పైకి పెరుగును. అదియునుగాక, అల యనునది లోతున వడిగాను మెరకమీద మందముగాను నడచునది కావున, దాని మొగము మెరకను తాకి తడబడుచుండగా, వెనుకటి భాగము తన క్రింద నీరు హెచ్చుగా నుండుటచే త్వరత్వరగా వచ్చి మొగమును క్రమ్ముకొనును. తిరునాళ్లలో గుడి ద్వారము దగ్గర ముందరివారు ఆగగా వెనుకటివారు వచ్చి మీదపడుట లేదా, అట్లు. ఆ విధమున నిట్టనిలువుగా నిలిచిన నీటిమొగమే బాన్. రూపనారాయణ నది వచ్చి కలియు ప్రాంతమున, హుగ్లీ పాయింటు దగ్గర, నది ఇరుకైన చోట ఇది పుట్టి, కలకత్తాను దాటి పైకి పోవును. దాని ఎత్తు 7 అడుగులకు చేరుటయు కలదు. ఈ సంగతులు తెలిసినందువలన నాకు నష్టమేమియు కలుగలేదు. విష్ణుపురాణకర్తకును కలుగలేదు: పొయ్యిమీది పాత్రలోని జలము వేడిమికి పొంగినట్లు చంద్రుని వృద్ధితో సాగరజలము పొంగుననియు, ఆ జలముయొక్క మొత్తము మాత్రము పెరుగదు తరుగదనియు, ఆ పొంగు 510 అంగుళముల ప్రమాణమనియు ఆ పురాణముయొక్క ద్వితీయాంశమున చెప్పబడియున్నది. ఆ సంఖ్య ఏ తీరమునకు పొసగునన్న చర్చ నాకు ముఖ్యము కాదు. తాను పూజించు సముద్రమును అంగుళములతో కొలుచుటకు ఆ మహర్షికి చేయి వణకలేదు. కొలిచిన పిమ్మట మ్రొక్కుటకును జంకు కలుగలేదు. ఆ ధైర్యము మనకెప్పుడు తప్పిపోయినదో విచారింపవలసి యున్నది.

నేను నిలిచిన ఘట్టమునకు కొంచె ముత్తరమున పంచవటి యున్నది. 1882కును 1886కును నడుమ శ్రీరామకృష్ణ పరమహంస సన్నిధికి వచ్చుచు పోవుచు, తాను విన్నదానిని దినచర్యగా వ్రాసికొని, తరువాత కథామృతముగా లోకమున కందిచ్చిన మహేంద్రనాథ గుప్తుడు, బడిపంతులు, అచ్చట జరిగిన యొక చిన్న సంగతిని కూడ విడువక వ్రాసి యుంచెను. ఒకనాడు బాన్ వచ్చుచున్నదన్న సందడి విని అందరును పంచవటి వైపు పరుగెత్తిరట. పరమహంస చూపు ముందుగా నదిమీద తేలుచున్న యొక పడవపై పడి, దాని గతి ఏమగునో యని ఆయన తల్లడిల్లెను. పిమ్మట పంతులును చేరబిలిచి పోటుపాటులకు కారణమేమని అడిగెను. పంతులు నేలమీద సూర్యుని, చంద్రుని, భూగోళమును గీచి చెప్పబోగా, కొంతసేపటికి పరమహంస తనకు బోధపడుట లేదనియు, తల తిరుగుచున్నదనియు చెప్పి మాన్పించెను. భక్తునకు శాస్త్రజ్ఞానముతో పనిలేదనుటకు ఈ కథను కొందరు ఉదాహరింతురు. నాకట్లు తోచదు. ఆయన అడిగెను గదా! కారణమును తెలిసికొనవలెనన్న కోరిక ఆయనకును పుట్టెను. బుద్ధికి అందకపోవుట వేరు, వలదనుట వేరు. నన్ను పట్టి నిలిపినది ఆ క్రమము: మొదట పడవ, ఆ పిమ్మట చంద్రుడు. ప్రాణి క్షేమమును గూర్చిన కంపము ముందు, కారణమును గూర్చిన కుతూహలము తరువాత. నేను ఆ మధ్యాహ్నము మెట్లు లెక్కించితిని, ఎత్తు అంచనా వేసితిని, చీటీతో గడియారమును సరిచూచితిని. నడిగంగలోనికి పోయిన ముసలి పడవవాడు ఏమయ్యెనో యని వెదకుట ఇవన్నియు అయిన తరువాతనే జ్ఞప్తికి వచ్చినది. ఈ మాట వ్రాయుటకు నాకు కష్టముగనే యున్నది.

ఇట్టి నీటిగోడలకెల్ల పెద్దది చీనాదేశమున హాంగ్‌చౌ నగరముచెంత ఛియెన్‌తాంగ్ నదిలో వచ్చును. అచ్చటి ప్రజలు తమ ఎనిమిదవ మాసమున పదునెనిమిదవ దినమున దానిని చూచుటకు తండోపతండములుగా చేరుదురు. రాజుచే అన్యాయముగా మరణము పొంది నదిలో త్రోయబడిన వూ త్సిషూ అను మంత్రియొక్క కోపమే ఆ అలయని వారి ప్రాచీన విశ్వాసము. 910లో అడ్డకట్ట కట్టించుచుండిన ఛియెన్ ల్యూ అను రాజు విలుకాండ్రచేత ఆ అలమీద బాణములు వేయించెనట. 970లో అలను శాంతింపజేయుటకై లియుహో గోపురము కట్టిరి. అయినను క్రీస్తుశకము మొదటి శతాబ్దమునందే వాంగ్ ఛుంగ్ అను తార్కికుడు ఈ విశ్వాసమును ప్రశ్నించి, ఆర్తితో నదిలో దుమికి ప్రాణము విడిచిన మహాకవి క్యూ యువాన్ మునిగిన నీటిలో ఇట్టి అల ఏల లేవదని అడిగి, పోటుపాటులు చంద్రుని వృద్ధిక్షయములను అనుసరించునని నిరూపించెను. అంతటితో ఆగియుండినచో ఆయన కేవల ఖండనకారుడు. మనుష్యుని దేహమున రక్తనాళములెట్లో భూమికి నదులట్లనియు, వానికి తమ కొలత తమకున్నదనియు, పోటు వచ్చుట పోవుట శ్వాసయొక్క రాకపోకల వంటిదనియు కూడ ఆయన వ్రాసెను. దయ్యమును తీసివేసి ఆయన అచ్చట నిలిపినది ఊపిరిని. క్రమము తప్పక వచ్చునది కనుకనే ఊపిరి ప్రాణమనిపించుకొనుచున్నది. అది తప్పిన నాడు మనము వైద్యుని పిలుతుము.

నదులు పారి పారి నామరూపములను విడిచి సముద్రమున అస్తమించునట్లు జ్ఞాని పరమపురుషుని చేరునని ముండకోపనిషత్తు ఉపమించినది. నలుదెసలనుండి జలములు వచ్చి చేరినను చలింపని సముద్రము వంటివాడు స్థితప్రజ్ఞుడని గీత రెండవ అధ్యాయము పలికినది. రెండు చోట్లను నడచునది నదియే, సముద్రము వేచియుండును. ఈ గంగ తీరమున నిలిచినవానికి ఈ ఉపమానముయొక్క రెండవ పార్శ్వము కానవచ్చును: సముద్రమును లేచి వచ్చును, ఎనుబది మైళ్లు ఎదురు నడచి వచ్చును, నది తనను చేరకముందే నదిని చేరును. జీవుడు ఈశ్వరుని పట్టుకొనవలెనా, ఈశ్వరుడే జీవుని ఎత్తుకొనునా యని శ్రీవైష్ణవాచార్యులు మర్కటకిశోరన్యాయమనియు మార్జాలకిశోరన్యాయమనియు శతాబ్దములు వాదించిరి. కోతిపిల్ల తల్లిని కరచుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. ఈ వాదమున రెండు పక్షములవారును ఒప్పుకొన్నదొకటి కలదు: కృప స్వతంత్రము, దానినెవరును శాసింపజాలరు. నా ముల్లునకు మొన ఇదియే. స్వతంత్రమైనది వేళకు వచ్చునా? వేళకు వచ్చునది స్వతంత్రమా?

నాకు దొరికిన సమాధానము శాస్త్రములోనిది కాదు, వంటింటిలోనిది. మా యమ్మ, నేను బడినుండి వచ్చువేళకు, కంచములో అన్నము వడ్డించి, పైన మూత వేసి ఉంచెడిది. ఒక్కనాడైనను ఆ వేళ తప్పినట్లు నాకు గురుతులేదు. తప్పకుండుటచే అది ప్రేమ కాకపోయెనా? ఎప్పుడో ఒకనాడు తలవని తలంపుగా మిఠాయి పొట్లము తెచ్చిన మేనమామ దయను నలుగురితో చెప్పుకొంటిమి. దినమును వేళకు వడ్డించిన ఆమె దయను లెక్కలో వేసికొనలేదు. ఆకస్మికమైన దానినే అనుగ్రహమనుకొనుట పసితనపు అలవాటు. ఆ అలవాటును పెద్దవారమై వేదాంతములోనికి కూడ తెచ్చుకొంటిమి. సూర్యోదయము ఎన్నింటికో పంచాంగము చూచి తెలిసికొని, ఆ వేళకే అర్ఘ్యము విడుచుచున్న జాతి మనది. వేళ తెలియుట మ్రొక్కునకు అడ్డమన్న మాట మన పెద్దలు విని యుండినచో నవ్వియుందురు.

ఇంతవరకు వచ్చి, పడవవాని మాటను పట్టుకొని ఇంకొక మెట్టు ఎక్కవలెనని నాకు ఆశ పుట్టెను. ఒడ్డున కొట్టు నీరే లోతున ఎత్తునన్నాడు గదా; కావున వచ్చు కృప ఒక్కటియే, మనస్సు లోతుగలవానిని అది ఎత్తును, లోతులేనివానిని కొట్టును అని వ్రాయబోతిని. చూచుటకు సొగసైన వాక్యము. కాని దివిసీమవాడు ఆ వాక్యమును వ్రాయరాదు. 1864 నవంబరు 1న బందరుమీద పడిన ఉప్పెనలో 30,000 మంది పోయిరి. అంతకు నెల తిరుగకముందు, అక్టోబరు 5న, అట్టి తుపాను అలయే ఈ గంగలోనికిని ఎక్కి కలకత్తాను ముంచెను. మా కన్నులయెదుట, 1977 నవంబరు 19న, మా సీమ మునిగెను. సర్కారు లెక్కకే దాదాపు పదివేలమంది. ఉప్పెన చంద్రుడు నడపునది కాదు, గాలి త్రోయునది. ఆనాడు మా ఊరిలో ఎవరి జేబునను చీటీ లేదు. మా మేనత్త ఆ రాత్రి తాటిచెట్టును కౌగిలించుకొని తెల్లవారువరకు నిలిచి బ్రదికెను. ఆమె చంకలోని బిడ్డ బ్రదుకలేదు. చంటిబిడ్డ మనస్సు లోతెంతయని అడుగువాడు వేదాంతి కాడు. ఉపమానము దేవుని మహిమను చెప్పుటకు చాలవచ్చును గాని, మనుష్యుని గాయమును కొలుచుటకు చాలదు. ఆ పనికి పూనుకొన్నచోట దానిని విరిచివేయుటయే ధర్మము.

కొన్ని నెలల తరువాత ఎవరో పలకరింపు వచ్చి, దేవుడే నిన్ను కాపాడినాడమ్మా అనగా, మా మేనత్త చేట దించి, "నన్ను కాపాడినోడైతే ఆణ్ణెందుకు వదిలేశాడు? ఆ మాట నా కాడ అనమాకండి" అనెను. అటుపైని ఎవరును అనలేదు. ఆమె దేవుని నిందించుటయు నేనెన్నడును వినలేదు. కొట్టుకొనిపోయిన ఇంటిచోట వేసికొన్న తాటాకుల పాకలో, గూడు లేదు గనుక ఒక ఇటుకపై ప్రమిదనుంచి, ఆమె సందెవేళకు దీపము పెట్టెడిది. వాన కురిసినను, జ్వరము తగిలినను, నూనె అరువు తేవలసివచ్చినను, ఆ వేళ తప్పలేదు. ఎందుకు పెట్టుచున్నావని అడుగు ధైర్యము నాకప్పుడు లేదు, ఇప్పుడామె లేదు. గంగ యొడ్డున, మునిగిన మెట్ల పైమెట్టున కూర్చుండి, మధ్యాహ్నపు ఎండలో, నేను ఆ ప్రమిదనే తలచుచుంటిని. దైవము ఆమె విషయమున ఏ వేళ పాటించెనో, పాటింపలేదో నాకు తెలియదు. ఆమె మాత్రము పాటించెను. దానిని నమ్మకమనవలెనా, అలిగిన యింటి మనిషి అయినను దీపము వేళకు మానకుండుట అనవలెనా, తేల్చి చెప్పజాలను. లోతన్న మాట ఎక్కడనైన వాడవలసి వచ్చినచో అచ్చటనే వాడుదును.

మేము లేచునప్పటికి ఘట్టము మరల జనముతో నిండెను. మొదట దొప్ప విడిచిన వృద్ధురాలు కొంగు తడిసి, పైమెట్టున అట్లే కూర్చుండి యుండెను. ఆమె విడిచినది దక్షిణమునకు ఎంతదూరము పోయినదో ఎవరికి తెలియును. ఎఱ్ఱమందారములు కొన్ని, దొప్ప లేకయే, ఆమె పాదములను తాకుచు ఉత్తరముగా పోవుచుండెను. అవి ఆమెవో, దిగువనున్న ఏ ఘట్టమున ఎవరు విడిచినవో గుర్తించుట అలవి కాదు. ఆమె వంగి ఒక పూవును తీసి, కన్నులకద్దుకొని, మరల నీటిలో వదలెను. పడవలు ఒక్కటొక్కటిగా ఒడ్డునకు వచ్చుచుండెను. మా ముసలి పడవవాడు, ఉదయము కట్టిన గుంజ ఇప్పుడు నీటిక్రిందనుండుటచే, పైమెట్టు దగ్గరి ఇనుపకడియమునకు త్రాడు ముడివేసి, పిడికిలితో లాగి చూచి, తలపాగా విప్పి మొగము తుడుచుకొనుచు, గంట యెంతైనదని మా తమ్ముని అడిగెను.